మధ్యాహ్నం నిద్రపోయిన టర్కీలు

జెరూషా టర్కీ కోళ్ళకు జోళ్ళు తొడుగుతున్న రోజునే గిడియన్ ఆ దారిన వెళ్ళాలా? వెళ్ళాడు. వెళ్ళినవాడు తన దారిన తాను పోవాలా, వద్దా? పోలేదు. కంచె మీద మోచేతులు ఆనించి, నోరంతా తెరిచి నవ్వాడు.

నవ్వొచ్చే సంగతేలెండి. పెరట్లో ఒక బాండీలో గోరువెచ్చటి తారు, పక్కన ఇసుక కుప్ప. జెరూషా ఒక్కో టర్కీని చంకలో ఇరికించుకుని, దాని కాళ్ళు తారులో ముంచి, ఇసుకలో అద్ది వదులుతోంది. అది రెండడుగులు వేసి, కాలెత్తి చూసుకుని, కొత్త పెళ్ళికొడుకులా మెడ సాచి నడుస్తోంది.

మా వెర్మాంట్ కొండల నుంచి బోస్టన్ దాకా నడవాల్సిన కోళ్ళకు ఆ మాత్రం పాదరక్షలు లేకపోతే ఎలా? పొగబండ్లు ఇంకా మా వైపు రాని రోజులవి. కోతలయ్యాక, గవర్నరుగారు దేవుడికి కృతజ్ఞతలు చెప్పే థాంక్స్‌గివింగ్ పండుగ ఫలానా గురువారమని చాటించగానే, పండుగ భోజనం తన కాళ్ళ మీద తానే ఊరు బయలుదేరేది.

"ఏం జెరూషా, జోళ్ళతో సరిపెడతావా, టోపీలు కూడా కుట్టిస్తున్నావా?" అన్నాడు గిడియన్.

"నీ టోపీ ఇటివ్వు. మా పుంజుకు సరిగ్గా సరిపోతుంది. లోపల ఉన్న సరుకు రెండింటిలోనూ ఒకటే," అంది జెరూషా తలెత్తకుండా.

గిడియన్‌కు పౌరుషం వచ్చింది. ఒక్క గంతులో కంచె దూకాడు. దూకిన కాలు తిన్నగా తారు బాండీలో దిగింది.

ఇక నవ్వడం జెరూషా వంతు. చంకలోని టర్కీని వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మీ అమ్మ చెప్పలేదా?"

"ఇది అడుసు కాదు, తారు."

"అయితే కడగడం కూడా కుదరదు." గుప్పెడు ఇసుక తీసి అతని బూటు మీద చల్లింది. "పో, ఇక నువ్వూ బోస్టన్ దాకా నడవచ్చు."

"మా బాతులకు ఇన్ని సేవలు అక్కర్లేదు తల్లీ. వాటి కాళ్ళ మీద అవే పోతాయి." గిడియన్ తల్లి మెర్సీ పెద్దబాతులు పెంచేది. ఆమెకు టర్కీ అన్న మాటే గిట్టదు. కొడుకు ఆమె పాఠం అప్పజెప్పాడు. "అసలు పండుగ బల్ల మీద బాతు ఉండాలి గానీ, ఈ మెడ ఊపుకునే పక్షి ఏంటి? ఈ దేశంలో మొదట ఓడ దిగినవాళ్ళు కోతల పండక్కి తిన్నది బాతే. మా తాతల తాత ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు."

"మా తాతల తాత కూడా ఆ పక్కనే కూర్చున్నాడు. తన పళ్ళెంలో టర్కీ కాలు మీ తాత లాక్కున్నాడట."

మా పక్క ఎవరిని కదిపినా ఆ ఓడలో ఒక తాత ఉంటాడు. నిజంగా అంతమంది ఎక్కి ఉంటే అది రేవు దాటకుండానే మునిగేది. ఆ రోజు బల్ల మీద ఏముందో రాసిపెట్టినవాళ్ళు జింక మాంసమన్నారు, పక్షులన్నారు. ఏ పక్షులో తేల్చకుండా పోయి, మాకు తరతరాలకు సరిపడా జగడం మిగిల్చారు.

"తాతలను పడుకోనివ్వు," అంది జెరూషా ఇంకో టర్కీని పట్టుకుంటూ. "నువ్వే చెప్పు. ఆవును కోస్తే పాలెక్కడివి? పెట్టను కోస్తే గుడ్లెక్కడివి? ఎద్దును కోస్తే నాగలి నువ్వు లాగుతావా? మీ అమ్మ బాతు ఈకలు పీకి పరుపులు కుడుతుంది. పండుగ పూట ఎవరైనా పరుపు కోసుకు తింటారా?"

"మరి టర్కీ ఏం చేస్తుందట?"

"ఏమీ చెయ్యదు. అదే దాని గొప్ప. పాలివ్వదు, బండి లాగదు. ఎండాకాలమంతా మా చేలో మిడతలు మేసి, సరిగ్గా పండుగ వేళకు ఇంటిల్లిపాదికీ సరిపడా బలుస్తుంది. దాన్ని తినక ఇంకేం చేస్తాం, ముందు పెట్టుకుని పాటలు పాడిస్తామా?"

గిడియన్ ఆ మాటలు వినడం లేదు. ఆమె ముక్కు కొసన అంటిన తారు చుక్కను చూస్తున్నాడు. ఆ ముక్కును గుడిలో వెనక బల్ల మీద కూర్చుని వారం వారం చూస్తూనే ఉన్నాడు గానీ, ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

"ఒరేయ్ గిడియన్! చూసింది చాల్లే, ఇటు రా!"

వాకిట్లో కుర్చీలోంచి కేక వేసింది ఒబడయా, జెరూషా తండ్రి. సంఘపెద్ద. వారం కిందట కట్టెలు ఎత్తబోయి నడుము పట్టేసింది. అప్పటి నుంచి కూర్చున్న చోటి నుంచే లోకాన్ని నడిపిస్తున్నాడు.

"మంద వెంట నడవడానికి నాకు కాళ్ళు లేవు. పిల్ల ఒక్కతే తోలలేదు. నేను బండిలో పడుకుని వస్తాను. నువ్వు తోడు రాగలవా లేదా, ముక్కు సూటిగా చెప్పు."

"ఎవరి ముక్కు నాన్నా?" అంది జెరూషా. తండ్రి కళ్ళు మరీ మసకేం కాదని గిడియన్‌కు అర్థమై చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు మా బాతులు తోలుకెళ్ళాలి పెద్దయ్యా," అని నసిగాడు.

"అవీ ఇవీ కలిపే తోలు. ఇదిగో, ఒక సంగతి విను. ఈ నేలలో గోధుమ కంటే రాళ్ళే బాగా పండుతున్నాయి. అక్కడ పడమట ఒహాయోలో నాగలి వేస్తే రాయి తగలదట. మా తమ్ముడు రమ్మని చంపుతున్నాడు. మంద పండుగ లోపల బోస్టన్‌లో అమ్ముడుపోయిందా, ఇక్కడే ఉంటాం. లేదా, మంచు కరిగీ కరగకముందే బండి కట్టి ఒహాయో పోతాం. ఇదే ఆఖరు మాట."

జెరూషా ముఖంలో నవ్వు ఎగిరిపోయింది. చంకలోని టర్కీని ఇంకాస్త గట్టిగా హత్తుకుంది. ఈ రాళ్ళ నేలను తిట్టని రోజు లేదు ఆ పిల్లకు. వదిలిపోవాలంటే మాత్రం ప్రాణం ఒప్పలేదు.

గిడియన్‌కు గుండె జారి, తారంటిన బూటులోకి దిగింది. అప్పట్లో ఒహాయో వెళ్ళినవాళ్ళ కబుర్లే వచ్చేవి, మనుషులు వచ్చేవారు కాదు.

"ఎప్పుడు బయలుదేరాలి పెద్దయ్యా?" అన్నాడు.

* * *

తెల్లవారుజామున బయలుదేరారు. ముందు మొక్కజొన్న గింజలు వేసుకుంటూ బండి, అందులో గడ్డి మీద ఒబడయా, ఆయన పక్కన నడుముకు రుద్దుకోవడానికని రమ్ము సీసా. రుద్దడం ఎవరూ చూడలేదు, సీసా మాత్రం తరుగుతూ వచ్చింది. బండి వెనక టర్కీల మంద. దాని నాయకుడు మెడలో గంట కట్టిన పెద్ద పుంజు. ఛాతీ విరుచుకుని, ఎవరి మాటా వినకుండా నడిచే దాని తీరు చూసి జెరూషా దానికి గవర్నరు అని పేరు పెట్టింది. ఆ వెనక మెర్సీగారి బాతులు, బారు కట్టి, గోల చేసుకుంటూ.

దారి పొడుగునా ఒకటే జగడం.

"చూడు, మా వాళ్ళు ఎంత క్రమంగా నడుస్తున్నారో!" అనేవాడు గిడియన్.

"గుడికి పోయే ముసలమ్మల్లా ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటూ నడుస్తున్నారు."

"మీ వాళ్ళు ఎండ తగ్గితే చాలు చెట్టెక్కుతారు. సూర్యుడు కొండ చాటుకు పోగానే నిద్రేనా? సోమరిపోతులు!"

అది మాత్రం నిజమే. మసక పడిందంటే టర్కీకి రాజాజ్ఞ అయినా లెక్కలేదు. ఎక్కడుంటే అక్కడ, ఏ కొమ్మ దొరికితే ఆ కొమ్మ. తాతలు దిగివచ్చినా మళ్ళీ తెల్లారేదాకా దిగదు. చీకటి పడితే మంద ఆగుతుంది. అది తెలిసే జెరూషా రోజూ పొద్దున్నే గిడియన్‌ను లేపి పరిగెత్తించేది.

ఒక రోజు వాన పట్టుకుంది. సన్నటి, చల్లటి ముసురు వాన. ఇద్దరికీ కలిపి ఒక్క గొంగళి. టర్కీల కోసం అటు, బాతుల కోసం ఇటు లాక్కుని, ఇద్దరూ తడిశారు.

"నీ వైపు ఎక్కువ లాగుతున్నావు," అంది జెరూషా.

"నువ్వే దగ్గరికి జరగచ్చు కదా."

జెరూషా అతని వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు గిడియన్ గొంగళి మొత్తం వదిలేశాడు. అది బురదలో పడింది. ఇద్దరూ నవ్వుకుంటూ పూర్తిగా తడిశారు. వానకు తడిసి జలుబు చేసినా, ఆ రాత్రి గిడియన్ సంతోషంగా తుమ్మాడు.

వెర్మాంట్ దాటింది. న్యూహాంప్‌షైర్ దాటుతోంది. రోజులు అయిపోతున్నాయి. మంద బాగా నడుస్తోంది, అదే గిడియన్ దిగులు. ఇలా పోతే ముందే బోస్టన్ చేరతారు, ముందే అమ్ముతారు, ఆమె వాళ్ళ నాన్నతో ఇంటికి పోతుంది, తను మళ్ళీ వెనక బల్ల మీద కూర్చుంటాడు. చెప్పాల్సిన మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. తోక పట్టుకుంటే పొడుస్తుందేమో అన్నట్టు వెనకాడుతున్నాడు పాపం.

మెర్రిమాక్ నది దగ్గర దారి రెండుగా చీలింది. ఒకటి పంటు రేవుకు. రెండోది చుట్టు తిరిగి వంతెనకు. ఒబడయా ఏటేటా పంటు మీదే మందను దాటించేవాడు. ఆ రోజు ఆయన సీసా సగం ఖాళీ చేసి గురక పెడుతున్నాడు.

"వంతెన దారిన పోదాం," అన్నాడు గిడియన్.

"అది చుట్టు కదా?"

"పంటు దగ్గర జనం బారులు తీరి ఉంటారు. వంతెనయితే దర్జాగా నడిచిపోవడమే. పైన కప్పు కూడా ఉంది, వానొచ్చినా తడవం."

ఆ వంతెన జెరూషా ఎప్పుడూ చూడలేదు. గిడియన్ నిరుడు బాతులతో దాటాడు. "నీకు దారి తెలుసు కదా?" అంది.

"కళ్ళు మూసుకుని పోతాను."

పోయారు.

* * *

మా పక్క వంతెనలు మీకు తెలిసే ఉంటాయి. మంచుకు కొయ్య పాడవకుండా పైన కప్పు, పక్కల చెక్క గోడలు. లోపల మిట్టమధ్యాహ్నం కూడా గుడ్డి చీకటి.

ముందు బాతులను పోనిచ్చాడు గిడియన్. అవి టపటపా అవతలికి పోయాయి. "చూశావా!" అని మీసం లేని చోట మీసం దువ్వాడు.

తరవాత బండి, దాని వెనక గవర్నరు గంట మోగించుకుంటూ లోపలికి నడిచాడు. వెనక మందంతా నడిచింది. సరిగ్గా సగం వంతెన దాటాక గవర్నరు ఆగాడు. అటు చూశాడు. ఇటు చూశాడు. అప్పుడే రాత్రయిందా అనుకున్నాడు కాబోలు, రెక్కలు టపటపలాడించి పై దూలం మీదికి ఎగిరి కూర్చున్నాడు.

ఆ వెంటనే మందంతా లేచింది. ఈకలు, దుమ్ము, గోల. ఒక్క నిమిషంలో అంతా సద్దుమణిగింది. వంతెన దూలాల పొడుగునా టర్కీలు తలలు రెక్కల్లో దాచుకుని హాయిగా నిద్రపోయాయి.

బయట సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

"వీటికేమైంది?" అన్నాడు గిడియన్ నోరు తెరిచి.

జెరూషా నెత్తి కొట్టుకుంది. "చీకటి పడితే పడుకుంటాయని తెలియదూ? వీటికి చీకటంటే రాత్రే! ఆ పని నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు కదా!"

"నాకేం తెలుసు? బాతులు ఆగవు!"

"ఇవి బాతులా?"

ఆ అరుపుకు బండిలో ఒబడయా లేచాడు. చుట్టూ చీకటి, పైన దూలం మీద టర్కీ తోక. "కప్పున్న వంతెనలోకి టర్కీలను తోలిన అప్రాచ్యుడు ఎవడ్రా!" అని గర్జించాడు. ఆ వంతెనలో తుమ్మినా నాలుగుసార్లు మోగుతుంది. అప్రాచ్యుడు అన్న మాట వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళింది. లేవబోయి, నడుము పట్టుకుని మళ్ళీ పడుకున్నాడు.

ఇంతలో వెనక నుంచి బోస్టన్ పోయే ప్రయాణికుల గుర్రపు బండి వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. అటు నుంచి గుమ్మడికాయల బండి. తోలేవాళ్ళ తిట్లు మొదలయ్యాయి. వంతెన సుంకం వసూలు చేసే టబితా అవ్వ పొగాకు పైపు నోట్లో పెట్టుకుని వచ్చి, పైకి చూసి, కింద ఇద్దరినీ చూసింది.

"ఇంతకాలంలో ఈ వంతెనలో ముద్దులకు ఆగిన జంటలను చూశాను గానీ, కోళ్ళను పడుకోబెట్టడానికి ఆగిన జంటను చూడలేదే! ఇక్కడ ఆగిన జంట ముద్దు పెట్టుకోకుండా కదిలితే అచ్చిరాదు, తెలుసా?"

"జంటా కాదు, గింటా కాదు!" అంది జెరూషా. ఆ మాట కూడా నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ గిడియన్‌కు గుచ్చుకుంది.

ఆమె అతని వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు.

"కావాలనే చేశావు కదూ? ఈ చుట్టుదారి, ఈ వంతెన. మీ బాతులు ముందు బోస్టన్ చేరాలి, మా టర్కీలు ఇక్కడ కునుకు తీయాలి. పండుగ బల్ల మీద బాతే ఉండాలి కదా మీ అమ్మకు! ఎల్లుండి లోపల చేరకపోతే నా బతుకు ఒహాయో పాలవుతుందని తెలిసి కూడా..."

"జెరూషా, అది కాదు..."

"అబ్బాయ్!" అవతలి చివర నుంచి గుమ్మడికాయల బండివాడు అరిచాడు. "ఈ బాతులు నీవేనా? ఏట్లోకి దిగుతున్నాయి!"

గిడియన్ పరిగెత్తాడు. వంతెన చివర నిలబడి చూశాడు. మెర్సీగారి బాతులు ఒడ్డు దిగి, ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి జారుతున్నాయి. ఏరు మంచి జోరు మీదుంది. ఇప్పుడే కేక వేసి అడ్డం పడితే సగమైనా వెనక్కి వస్తాయి. తల్లి ఏడాది కష్టం. ఆమె నోరు ఎలాంటిదో కూడా అతనికి తెలుసు.

వెనక్కి తిరిగి చూశాడు. చీకట్లో జెరూషా ఒక్కతే బండి అంచు మీదికెక్కి, మునివేళ్ళ మీద నిలబడి, దూలం మీది టర్కీని అందుకోబోతోంది. అందడం లేదు. చేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ సాచింది.

"పోండి! ఏ సముద్రంలో పడతారో పడండి!" అని బాతులకు చెయ్యి ఊపి, గిడియన్ వంతెనలోకి పరిగెత్తుకొచ్చాడు. స్తంభం పట్టుకుని దూలం ఎక్కాడు. నిద్రపోతున్న టర్కీని ఒడుపుగా రెక్కలతో సహా హత్తుకుని కిందికి అందించాడు.

"పట్టుకో. వెలుగులోకి మోసుకుపోతే మేలుకుంటుంది."

జెరూషా పట్టుకుంది. "నీ బాతులు?"

"ఈత కొడుతున్నాయి."

"పోయి పట్టుకో మరి!"

"రెండు చేతులేగా ఉన్నాయి నాకు," అన్నాడు గిడియన్ ఇంకోదాన్ని అందిస్తూ. ఇక దాచి లాభం లేదనిపించింది. దూలం మీద బోర్లా పడుకుని, టర్కీ తోకలో తల పెట్టి, బాతులవాడు మనసులో ఉన్నది కక్కేశాడు. "బాతులు ముందు చేరాలని కాదు జెరూషా. నువ్వు ఆలస్యంగా చేరాలని. చుట్టుదారయితే ఇంకో రోజు నీ పక్కన నడవచ్చనుకున్నాను. అంతే. చీకటి సంగతి నాకు తట్టలేదు. నువ్వు ఒహాయో పోతే నేను ఈ ఏట్లో బాతులతో పాటు దిగాల్సిందే. నువ్వంటే ప్రాణం నాకు."

ప్రాణం నాకు, ప్రాణం నాకు, ప్రాణం నాకు అని వంతెన మొత్తం చాటింపు వేసింది. ప్రయాణికుల బండిలోంచి ఒక లావుపాటి అమ్మగారు "అయ్యో నాయనా!" అని చేతిగుడ్డతో కళ్ళొత్తుకుంది.

జెరూషా టర్కీని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చీకట్లో ఆమె ముఖం కనపడలేదు. గిడియన్ ఆశగా కిందికి వంగాడు. సరిగ్గా అప్పుడే పై దూలం మీద నిద్రపోతున్న గవర్నరు, నిద్రలోనే, అతని టోపీ మీద తన ఆశీర్వాదం వదిలాడు.

జెరూషా నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది.

"ముందు వీటిని దించు. నీ సంగతి తరవాత చూస్తాను."

ఆ నవ్వుతో జనం కదిలారు. పొద్దున్నే బోస్టన్ చేరాల్సినవాళ్ళు, తిట్టుకుంటూ కూర్చుంటే బండ్లు కదలవు కదా. తోలేవాళ్ళు, అమ్మగార్లు, మెడకు తెల్ల పట్టీ కట్టుకున్న ఒక పాదిరిగారు, అంతా వరస కట్టారు. గిడియన్ దూలం మీంచి అందించడం, జెరూషా తీసుకోవడం, చేయి నుంచి చేయికి టర్కీ పోవడం. అవతల టబితా అవ్వ ఎండలో దించడం. ఎండ తగలగానే టర్కీ కళ్ళు తెరిచి, తెల్లారిందనుకుని, ఈకలు విదిలించుకుని మేతకు బయలుదేరేది. ఆఖరున గవర్నరు దిగాడు. పాదిరిగారి వేలు పొడిచి మరీ దిగాడు.

అప్పటికి నిజంగానే పొద్దు వాలుతోంది.

* * *

ఆ తరవాత వాళ్ళు నడిచిన నడక ఇంతా అంతా కాదు. ఒబడయా కూడా సీసా ముట్టలేదు. జెరూషా గిడియన్‌తో మందను తోలే మాటలు తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. గిడియన్ కుక్కిన పేనులా వెనకే నడిచాడు. అంత నడిచినా, పండుగ ముందు రోజు సాయంత్రం, బోస్టన్ దీపాలు ఏటి అవతల కనపడుతుండగా సూర్యుడు దిగిపోయాడు.

టర్కీలకు ఏటి అవతల అంగడి ఉంటే ఏం, లేకపోతే ఏం? ఎదురుగా ఒక సత్రం ఉంది. ఎగిరి దాని కప్పు మీద, గోడ మీద, గుర్రాల సాల మీద, వాకిట్లో బోర్డు మీద కూర్చున్నాయి. గవర్నరు పొగగొట్టం పక్కన వెచ్చగా చోటు చూసుకున్నాడు.

"అయిపోయింది," అన్నాడు ఒబడయా నీరసంగా. "రేపు అంగడి ఉండదు. పండుగ. ఒహాయోనే మనకు రాసిపెట్టి ఉంది తల్లీ."

జెరూషా రాయి మీద కూర్చుండిపోయింది. గిడియన్‌కు ఆమె ముఖం చూసే ధైర్యం లేదు. "నా వల్లే," అన్నాడు. "మీరు నన్ను తిట్టండి పెద్దయ్యా. కొట్టినా పడతాను."

"నడుము బాగుంటే ఆ పనే చేసేవాణ్ణి."

అప్పుడు బోస్టన్ వైపు వంతెన మీదుగా అంగడి నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్ళు కనపడ్డారు. ఆలస్యంగా పోయినవాళ్ళు. కొందరి బుట్టలు ఖాళీ, కొందరి బుట్టల్లో పీలగా ఒక కోడిపిల్ల. గొణుక్కుంటూ నడుస్తున్నారు. జెరూషా వాళ్ళ బుట్టలు చూసింది. సత్రం కప్పు చూసింది. చటుక్కున లేచింది.

"అమ్మా! అక్కా! ఇటు చూడండి! ఆ పిల్లకోడి మీ ఆయనకా, పిల్లలకా? పైకి చూడండి, మా కొండల్లో మిడతలు మేసి బలిసిన టర్కీలు! మీకు నచ్చినదాన్ని వేలెత్తి చూపండి, మా వాడు దించుతాడు!"

మా వాడు అన్న మాట విని, మా వాడు నిచ్చెన కూడా అడగకుండా గోడెక్కాడు.

"ఆ బోర్డు మీద ఉన్నది దించు నాయనా!" "నాకు సాల మీద ఆ లావుది!" "ఇది కాదయ్యా, దాని పక్కది!" నిద్రపోతున్న పక్షిని దించడంలో గిడియన్‌కు ఇప్పుడు చేయి తిరిగింది. పండిన చెట్టు కాయలు కోసుకున్నట్టు కోసుకుపోయారు. వీధి వీధంతా కబురు పాకింది. బాతు కోసం వచ్చి బాతు దొరకని ఒక ముసలాయన "పోనీ, ఇదే ఇవ్వు, రుచి చూద్దాం," అని సణుగుతూ తీసుకెళ్ళాడు. చివరికి పొగగొట్టం పక్కన గవర్నరు ఒక్కడే మిగిలాడు. దాన్ని జెరూషా ఎవరికీ ఇవ్వనంది. ఒక కుంటి పెట్టను మాత్రం సత్రం ఆవిడ వంటకు ఇచ్చి, ఆ పూటకు బస సంపాదించింది.

* * *

మర్నాడు సత్రం బల్ల మీద, గుమ్మడి తీపి వంటల నడుమ, ఎర్రగా కాలిన టర్కీ. ఒక్కో పళ్ళెంలో కాసిని మొక్కజొన్న గింజలు. ఓడ దిగిన మొదటి చలికాలంలో పెద్దలకు తిండి అంతే దొరికిందని, పండుగ నాడు ముందు గింజ చేతిలోకి తీసుకుని, దేవుడికి ఒక కృతజ్ఞత చెప్పి, అప్పుడు ముద్ద ముట్టాలి. ఆ సత్రంలో పద్ధతి అది.

ఒబడయా మొదలుపెట్టాడు. గింజ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, వచ్చే ఏడు కూడా ఆ దిక్కుమాలిన రాళ్ళు ఏరుకునే భాగ్యం మాకే మిగిల్చావు. నీకు వందనాలు." ఒక కన్ను తెరిచి గిడియన్ వైపు చూశాడు. "మీ అమ్మకు ఏం చెబుతావురా?"

"తెలియదు మామగారూ."

"ఎవడ్రా నీకు మామ?"

బల్ల చుట్టూ నవ్వులు. గిడియన్ గింజ చేతిలోకి తీసుకున్నాడు. "ప్రభువా, నేను..." అని నీళ్ళు నమిలాడు. ఆమె జవాబు ఇంకా రాలేదు మరి. గింజ చేతిలోంచి జారి బల్ల కిందికి పోయింది.

"నీ వంతు పోయింది. ఇక నాది," అంది జెరూషా.

ఆమె తన గింజ తీసుకుంది. కళ్ళు మూసుకోలేదు. తిన్నగా గిడియన్ వైపే చూస్తూ ప్రార్థించింది.

"ప్రభువా, నాకు దారి తెలియని మనిషిని ఇచ్చావు. పైగా కళ్ళు మూసుకుని పోతానంటాడు. బాతులన్నిటినీ నా కోసం ఏట్లో వదిలిన వెర్రివాడు. నీకు కోటి వందనాలు. ఇతన్ని తీసుకుంటున్నాను. ఇక మీదట దారి నేను చూసుకుంటాను."

"ఆమెన్!" అన్నాడు గిడియన్, సత్రం అదిరిపోయేలా.

"ఉండరా, ఆమెన్ అనాల్సింది నేను," అన్నాడు ఒబడయా. చేయి సాచి, నడుము నొప్పికి మూలుగుతూనే, ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టాడు. "ఆమెన్. ఇంటికి పోగానే గుడి తలుపు మీద పెళ్ళి చాటింపు అంటిస్తాను. మీ అమ్మతో బాతులు పోయాయి, కోడలు వచ్చిందని చెప్పు."

జెరూషా టర్కీలో మంచి ముక్క కోసి గిడియన్ పళ్ళెంలో వేసింది. పుట్టి బుద్ధెరిగాక అతను టర్కీ ముట్టింది లేదు. బల్ల చుట్టూ అందరూ అతని నోటి వైపే చూస్తున్నారు. నమిలాడు. మింగాడు.

"ఎలా ఉంది?" అంది జెరూషా.

గిడియన్ పళ్ళెం ముందుకు జరిపాడు.

"ఇంకాస్త వెయ్యి," అన్నాడు.